ఇద్దరిదీ ఒకటే వాసన

మే 4

ఏడుమడుగుల జాతీయ వనం, ఆరో మడుగు. కావలి మనిషి నూకరత్నం. వాన లేదు. వాగులో నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. రేచుకుక్కల గుంపు పొద్దున తూర్పు గట్టు మీద కనిపించింది, అన్నీ కులాసాగానే ఉన్నాయి. ఇంతవరకూ కార్యాలయం వారికి కావలసినది. ఇక్కడినుంచి నాకు తోచినది రాస్తాను, ఓపికుంటే చదవండి.

నా మనవరాలు వచ్చింది.

పేరు నైరుతి. వాస్తు తెలిసినవాళ్ళెవరూ ఆడపిల్లకి ఆ పేరు పెట్టరు. కానీ మూడేళ్ళు మొహం చాటేసిన నైరుతి రుతుపవనం నీళ్ళ మీద తేలే కాకినాడ తేలుడు కాలనీ మీద కురిసిన రోజున పుట్టింది కాబట్టి, నా కూతురు ప్రశాంతి వాస్తుని సముద్రంలో వదిలేసి ఆ పేరు పెట్టింది. ఇప్పుడు పిల్లకి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళూ దాన్ని తెర మీదే చూశాను. కావలివాళ్ళం వనం దాటి బయటికి వెళ్ళకూడదు. ఇక్కడి పచ్చాకుతో రోజూ పొద్దున్నే తాగే కషాయం నాలుగు నాళ్ళు మానేస్తే ఒంటి వాసన విరిగిపోతుంది, మళ్ళీ వనం కాసే ఈ రేచుకుక్కలకి మనల్ని అలవాటు చేయడానికి ఏడాది పడుతుంది. అందుకని బిడ్డ పుట్టినప్పుడు కూడా నేను వెళ్ళలేదు.

అబ్బులు తాడు మీద వేలాడుతూ వచ్చే తాడుబండిలో తీసుకొచ్చి దింపాడు. అబ్బులు వనం ద్వారం దగ్గర కావలి. నోరు తెరిస్తే మూయడు గానీ మనిషి మంచివాడు.

"రత్నమక్కా, నీ సరుకు జాగర్తగా తెచ్చేను. దారంతా నా బుర్ర తినేసింది. ఇక నువ్వు తినిపించుకో," అన్నాడు.

పిల్ల బండి దిగి రెండడుగులు వేసి ఆగిపోయింది. పడవ మీద నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి కిందికి చూసింది.

"అమ్మమ్మా, ఇక్కడ నేల కదలదా?"

"కదిలితే భూకంపం అంటారే తల్లీ."

"మాకు ఎప్పుడూ కదులుద్ది."

నవ్వాను గానీ కళ్ళు నిండాయి. దగ్గరికి తీసుకుంటే ఒళ్ళంతా మురిగిన పనసతొనల కంపు. ద్వారం దగ్గర మెడకీ మణికట్లకీ పాదాలకీ అతిథి లేపనం రాసి పంపిస్తారు. కడిగేసుకోవచ్చా అని అడిగింది. కడుక్కుంటే రేచులు నిన్ను దొంగ అనుకుంటాయన్నాను.

"కరుస్తాయా?"

"కరవవు. చుట్టూ నిలబడతాయి. కదలకుండా ఉంటే ఏమీ చెయ్యవు. పరిగెడితేనే కరుస్తాయి."

నేల ఊగకపోతే నిద్ర పట్టదంది. నేను కుట్టిన బొంతలో చుట్టి ఒళ్ళో వేసుకుని ఊపాను. మా వైపు, పుట్టిన బిడ్డని ముందుగా అమ్మమ్మ పాతచీరలోనే పడుకోబెడతారు. కొత్తబట్ట ఒంటికి గుచ్చుకుంటుందని చెబుతారు, పాతచీరతో పాటు అమ్మమ్మ ఆయుష్షు కూడా బిడ్డకి అంటుతుందని చెబుతారు. దీనికి ఆ ముచ్చట జరగలేదు. ఆలస్యమైతేనేం, ఇప్పుడు జరిపించాను. బొంత ఏ బట్టతో కుట్టానన్నది కార్యాలయం వారికి అక్కర్లేని సంగతి.

మే 5

వాన లేదు. పిల్లని వెంటబెట్టుకుని అయిదో మడుగు దాకా తిప్పాను. బెట్టుడుత కొమ్మ మీద నుంచి కొమ్మ మీదకి దూకుతుంటే నోరు తెరుచుకుని చూసింది. అడవిదున్న అడుగు చూపిస్తే తన రెండు పాదాలూ అందులో పెట్టి నిలబడింది. తేనెపట్టు కింద నిలబడి మాట్లాడొద్దంటే, ఎందుకు మాట్లాడకూడదో మాట్లాడుతూనే ఉంది. ప్రతి చెట్టు పేరూ అడిగింది. నాకు తెలియనివాటికి నేను అప్పటికప్పుడు పేర్లు పెట్టాను, పరువు దక్కించుకోవాలి కదా.

దొరసాని ఎదురైంది. రేచుల గుంపుకి పెద్దది ఆ ఆడకుక్కే. నక్కలాంటి రంగు, కుచ్చుతోక, నెలలు నిండిన పొట్ట, మనిషిని పైనుంచి కిందికి చూసే చూపు. ఆ చూపుకే నేను ఆ పేరు పెట్టాను. పిల్ల పాదాలు వాసన చూసి, లేపనం ఘాటుకి తుమ్మి, తన దారిన పోయింది.

"అంతేనా?" అని నిరాశపడింది నైరుతి.

"అంతే. నువ్వు చుట్టానివని దానికి తెలిసిపోయింది."

"నువ్వెవరని తెలుసు దానికి?"

"నా వాసనని బట్టి తెలుసు. ప్రతి కావలి మనిషికీ కషాయం వేరు. నా చెమట నాదే, అబ్బులు చెమట అబ్బులుదే."

కెమెరాలు పెట్టొచ్చు కదా అంది. మునుపు పెట్టారు, దొంగలు కెమెరాలకి లేని అడవిని చూపించి ఉన్న అడవిని దోచుకుపోయారు అన్నాను. ముక్కుని మాత్రం ఎవరూ మోసం చేయలేకపోయారు.

మే 7

వాన లేదు. పొద్దున నేను అరుగు మీద కషాయం ఆకు నూరుతున్నాను. పిల్ల గులకరాళ్ళు ఏరుకుంటానని మడుగులోకి దిగింది, పిలిస్తే పలికేంత దూరమే. రావిచెట్ల నీడలో పడుకున్న రేచులు ఒక్కసారిగా లేచాయి. సగం పిల్ల వైపు వెళ్ళి కూర్చున్నాయి. మిగతా సగం నా అరుగు ముందుకి వచ్చి కూర్చున్నాయి.

ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. నా గుమ్మం ముందు అవి ఎప్పుడూ అలా కూర్చోలేదు.

పిల్లని పిలిచాను. అది వచ్చి నా పక్కన కూర్చోగానే అన్నీ లేచి, ఒళ్ళు దులుపుకుని, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాయి. ప్రశాంతి పంపిన పూతరేకుల నెయ్యి వాసన అయ్యుంటుందనుకున్నాను. డబ్బా మూత బిగించి అటక మీద పెట్టాను. నైరుతి దాన్ని నా కంటే ముందు కనిపెట్టి సగం ఖాళీ చేసిందన్నది వేరే సంగతి.

మే 8

రేచులు ఈలలు మానేశాయి. మామూలుగా ఒకదాన్నొకటి ఈలవేసి పిలుచుకుంటూ ఉంటాయి, పెళ్ళివారిల్లులా ఉంటుంది. ఈరోజు చప్పుడు లేదు. ఇంటిచుట్టూ ఉన్నాయి, మాకు కనిపించేలాగే ఉన్నాయి, కానీ ఒక్కటి కూడా నోరు విప్పదు. వేటకి కూడా వెళ్ళలేదు.

లేపనం పలచబడిందేమోనని, అబ్బులు ఇచ్చిపోయిన డబ్బాలోది అడుగంటా గీకి పిల్లకి రాశాను. ఏమీ మారలేదు. సాయంత్రం దుప్పులు నాకే ఉప్పురాయి పెట్టి వద్దామని నేనొక్కదాన్నే గట్టెక్కాను. దొరసాని వచ్చి దారికి అడ్డం నిలబడింది. నా చెయ్యి వాసన చూసింది. కిందికి దిగి, అరుగు మీదున్న పిల్ల మెడ వాసన చూసింది. మళ్ళీ నా దగ్గరికి వచ్చింది, మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళింది. లెక్క తేలని కోమటిలా అటూ ఇటూ తిరిగింది. చివరికి మధ్యలో నిలబడి, మా ఇద్దరినీ ఒకేలా చూసింది.

నాకు భయం వేసింది. చిరుతపులికి కూడా నేనెప్పుడూ అంత భయపడలేదు.

మే 9

ఇది ఇక్కడ రాయకూడదు. రాస్తున్నాను.

పొద్దున పిల్ల బొంత మడతపెడుతూ దాన్ని ముక్కుకి ఆనించుకుంది. "అమ్మమ్మా, ఇది అచ్చం నీ వాసనే వస్తుంది. నాకిది ఇచ్చేస్తావా?" అంది.

బొంత దాని చేతిలోంచి లాక్కున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట రెండో మడుగు కావలి మనిషి చొక్కా దండెం మీద నుంచి పోయింది. దొంగ అది తొడుక్కుని రేచుల మధ్యలోంచి దర్జాగా నడిచివెళ్ళి, పులికూనల్ని ఎత్తుకుపోయాడు. అప్పటినుంచి కుక్కలకి కొత్త పాఠం నేర్పాం. ఒక వాసన ఒక చోటే ఉండాలి. రెండు చోట్ల ఉంటే ఒకరు దొంగ. ఇద్దరినీ పట్టి నిలబెట్టాలి, దాన్నే పట్టు అంటాం. ఇద్దరిలో ఎవరు పరిగెడితే వాడే దొంగ. ఈ గుంపుకి ఆ పాఠం చెప్పిన పంతులమ్మని నేనే. కావలివాళ్ళు పాతబడిన బట్టలు కాల్చేయాలని రూలు కూడా అప్పుడే వచ్చింది.

నేను నాలుగు చీరలు కాల్చలేదు. మనవరాలికి బొంత కుట్టాలని దాచాను. బూడిదనీళ్ళలో మూడుసార్లు ఉడకబెట్టాను, మండుటెండలో ఆరేశాను. నా ముక్కుకి వాసన తగల్లేదు కాబట్టి పోయిందనుకున్నాను. పిల్ల రోజూ అందులో చుట్టుకుని పడుకుంది. ఇప్పుడు దాని ఒంటికి నా వాసన పట్టింది. మేమిద్దరం పక్కపక్కన ఉంటే రేచులకి ఒక్క మనిషే. ఎడంగా ఉంటే ఇద్దరం, అందులో ఒకరు దొంగ.

బొంత కాల్చేశాను. పిల్లకి కుంకుడురసంతో ఒళ్ళంతా తోమి స్నానం చేయించాను. అది ఇంకా పెద్ద పొరపాటు. కషాయం వాసన చమురులాంటిది, కుంకుడుకాయకి లొంగదు. వదిలింది అతిథి లేపనం. ఇప్పుడు పిల్ల ఒంటి మీద మిగిలింది నా వాసన ఒక్కటే.

రేడియోలో అబ్బులుకి చెప్పాను.

"నేనొచ్చేత్తానక్కా."

"రావద్దు. పట్టు మీదున్నప్పుడు అవి ఇంకో కావలి మనిషిని కూడా రానివ్వవు. నిన్ను చూస్తే ఇంకా రెచ్చిపోతాయి."

"మరైతే వాసన పోయేదాకా ఇంట్లోనే ఉండిపోండి."

"తిండి తినట్లేదురా అవి. పట్టు విడిచి వేటకి వెళ్ళవు. రేపటికి ఆకలి మీదుంటాయి, ఎల్లుండికి నాకే తెలీదు ఎలా ఉంటాయో. రేపు పొద్దున్నే పిల్లని చేత్తో పట్టుకుని అయిదో మడుగుకి నడిపించుకొస్తాను. తాడుబండి సిద్ధంగా ఉంచు."

పిల్లకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ రోజంతా మేమిద్దరం చెయ్యి వదల్లేదు. దొడ్డికి కూడా జంటగానే వెళ్ళాం. దానికి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

మే 13

ఇది ద్వారం బయటి వైద్యశాలలో మంచం మీద నుంచి రాస్తున్నాను. పదో తారీకున జరిగింది ఇది.

తువ్వాలు ఒక కొస నా నడుముకీ, ఇంకో కొస పిల్ల నడుముకీ కట్టి బయలుదేరాను. రేచులు రెండు వైపులా మాతోపాటు నడిచాయి. ఎంత దగ్గరగా అంటే వాటి ఊపిరి వినిపించేది. ఎగువన కొండల మీద ఆకాశం కాటుక పూసినట్టు నల్లగా ఉంది. అక్కడ పడిన వాన వాగులోకి రావడానికి ఎంతోసేపు పట్టదు. తొందరపడాలి, కానీ తొందరపడినట్టు కనిపించకూడదు. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని, పాపం, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

వాగు దాటే చోట రాళ్ళు దూరం దూరంగా ఉంటాయి, ఒక రాయి మీద ఒక్క మనిషే పడుతుంది. తువ్వాలు చాలలేదు. కట్టి ఉంచితే ఒకరు జారినా ఇద్దరం పడతాం. "నేను గట్టు మీద కాలు పెట్టి చెయ్యి ఇస్తాను, నువ్వు వెంటనే దూకు," అని ముడి విప్పాను. అవతలి గట్టు మీద కాలు పెట్టాను, వెనక్కి తిరిగి చెయ్యి చాపాను.

మా మధ్య ఉన్న రాయి మీద దొరసాని నిలబడి ఉంది.

మిగతావి ఎప్పుడు సర్దుకున్నాయో తెలియదు. నా చుట్టూ సగం, పిల్ల రాయి చుట్టూ నీళ్ళలో సగం. నేను ఒక్క అడుగు ముందుకి వేశాను. దొరసాని పళ్ళు చూపించింది. దాని చిన్నతనంలో నా అరచేతిలో నుంచి మాంసం ముక్కలు తిన్న కుక్క అది.

"అమ్మమ్మా, నన్నేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యకు. కదలకు."

"తెప్ప ఒరిగినప్పుడు నిలబడినట్టు నిలబడనా?"

నాకు అర్థం కాలేదు. తరవాత ప్రశాంతి చెప్పింది. తేలుడు కాలనీలో గాలివాన వచ్చి సైరన్ మోగితే పిల్లలందరూ ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుని నిలబడాలట. ఒక పక్కకి పరిగెడితే తెప్ప ఆ పక్కకే తిరగబడుతుంది. నడక వచ్చిన నాటినుంచీ నేర్పుతారట. అప్పుడు నాకవేమీ తెలియదు. కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు ఒంటికి అంటించి, శిలలా నిలబడిపోయిన పిల్లని మాత్రం చూశాను. ఈగ వాలినా తోలుకోలేదు.

కానీ వాగు నిలబడదు. పిల్ల కాళ్ళ దగ్గర నీళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి. నిన్నటి దాకా ఆ రాయి అంచు పొడిగా ఉండేది, ఇప్పుడు తడుస్తోంది. ఎగువన ఎక్కడో బండలు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. ఇద్దరం కదలకుండా ఉంటే వాగు పిల్లని తీసుకుపోతుంది. పిల్ల కదిలితే రేచులు పట్టుకుంటాయి. లెక్కకి మిగిలింది నేనే.

"నైరూ, నా మాట విను. నేను ఇప్పుడు అటు వెళ్తాను. కుక్కలన్నీ నా వెనక వస్తాయి. అన్నీ వచ్చేదాకా నువ్వు కదలకు. ఆఖరిది కూడా వచ్చాక, గట్టెక్కెయ్యి."

"నువ్వు పరిగెడితే కరుస్తాయన్నావు కదా."

"నన్ను కరవవులే. అవి నా కుక్కలు."

అబద్ధం. దానికీ తెలుసు. దాని గడ్డం వణికింది, కాళ్ళు మాత్రం వణకలేదు.

నా వయసు అరవై రెండు. మోకాళ్ళకి నూనె రాసుకుంటేగానీ మంచం దిగను. పరిగెత్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాలుగు బారలు కూడా వెళ్ళలేదు. ముందు పిక్క పట్టుకున్నది దొరసానే. దాని తరవాత తొడ, తరవాత చెయ్యి. బోర్లా పడి కదలకుండా ఉండిపోయాను. పడిన దొంగ కదలకపోతే ఇక కరవొద్దని కూడా వాటికి నేనే నేర్పాను. బాగానే నేర్చుకున్నాయి. నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. వెనక పెద్ద చప్పుడుతో నీళ్ళు వచ్చాయి. తల తిప్పి చూడలేను. పిల్లా, పిల్లా, అని లోపల్లోపలే పిలిచాను. నా బతుకులో అంత పొడుగు క్షణాలు లేవు.

ఆ తరవాత నా మొహం పక్కన రెండు చిన్న పాదాలు కనిపించాయి. వాటినిండా ఎర్రమన్ను. ఆ పాదాల్ని చూశాకే నాకు మళ్ళీ ఊపిరి వచ్చింది.

"చప్పట్లు కొట్టు తల్లీ. రెండుసార్లు."

"నీ కాలు, అమ్మమ్మా..."

"కాలు సంగతి తరవాత. కొట్టు."

కొట్టింది. దొంగని కావలి మనిషికి అప్పగించేటప్పుడు వదిలినట్టు, రేచులు నన్ను వదిలి వెనక్కి తగ్గాయి. వెళ్ళి దాని వెనక నిలబడ్డాయి. దొరసాని దాని మోకాలి పక్కన కూర్చుని, నన్ను చూసి గుర్రుమంది. అప్పుడు తెలిసింది నాకు. పరిగెత్తినది దొంగ. నిలబడినది నూకరత్నం.

పట్టు వీడింది కాబట్టి అబ్బులు అయిదో మడుగు నుంచి రాగలిగాడు. నన్ను భుజాన వేసుకుని మోశాడు. దారి పొడుగునా రేచులు నా మీద గుర్రుమంటూనే ఉన్నాయి. ముందు నా మనవరాలు నడిచింది. అది ఆగమంటే అవి ఆగాయి.

మే 19

పుళ్ళు మానుతున్నాయి. కర్ర పట్టుకుని నడుస్తున్నాను. ప్రశాంతి తేలుడు కాలనీ నుంచి వచ్చి, రెండు రోజులు నన్ను తిట్టి, మూడో రోజు నాకు జడ వేసింది.

కార్యాలయం వారు వచ్చి చెప్పాల్సింది చెప్పారు. ఉద్యోగం పోయింది, అది న్యాయమే. పట్టిన దొంగని రేచులు మరిచిపోవు, పిల్లలకి కూడా నేర్పుతాయి. కషాయం మానేసినా నా అసలు ఒళ్ళు వాటికి తెలిసిపోయింది. ఇక ఈ జన్మకి ఆ వనంలో కాలు పెట్టలేను. వినగానే నేను తలూపాను. వాళ్ళు వెళ్ళాక మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. నాకు ఇంకో ఇల్లు లేదు.

అంతటితో అయితే బాగుండేది. ఆరో మడుగుకి కొత్త కావలి మనిషి కావాలి. అబ్బులు ఒప్పుకున్నాడు. కానీ పాత కావలి మనిషి చెయ్యి పట్టుకుని ఒక చుట్టు తిప్పి అప్పగించకపోతే రేచులు కొత్తవాళ్ళని ఒప్పుకోవు. వాటి లెక్కలో పాత కావలి మనిషికి తొమ్మిదేళ్ళు. అప్పగింత జరగకపోతే గుంపుని పట్టి బోనుల్లో పెడతారట. పిల్లకి చెమటలోంచి కాక పైనుంచి పట్టిన చమురు కాబట్టి నా వాసన దాని ఒంటి మీద ఇన్నాళ్ళు నిలిచింది, రేపో మాపో విరిగిపోతుంది. చేస్తే ఇవాళే చేయాలి.

"కుక్కల కోసం నా కూతుర్ని మళ్ళీ అందులోకి పంపమంటారా?" అని ప్రశాంతి అందరి మీదా లేచింది.

పంపమని నా నాలిక చివరి దాకా వచ్చింది. "వద్దులే అమ్మా, పంపకు," అన్నాను. అది నిజంగానే అన్నాను.

నైరుతి మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "అవి అక్కడ కూర్చుని ఉంటాయి అమ్మా. ఎవరూ రాకపోతే తిండి తినవు," అంది. ప్రశాంతి నా వైపు తిరిగింది.

"నిజం చెప్పమ్మా. వెళ్తే తిరిగొస్తుందా?"

"పరిగెత్తకపోతే వస్తుంది."

"అది పరిగెత్తదు," అంది ప్రశాంతి, ఏడుస్తూనే.

పొద్దెక్కకముందే పిల్లా అబ్బులూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ద్వారం దాటారు. అబ్బులు వెనక్కి వెనక్కి చూస్తున్నాడు, పిల్లే వాణ్ణి ఊరుకోబెడుతోంది. మేమిద్దరం కంచె ఇవతల ఉండిపోయాం. లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఒక్క ఈల వినిపించలేదు. ఎండ నడినెత్తికెక్కింది, దిగింది. ప్రశాంతి నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో నాకు గుర్తులేదు, గోళ్ళు దిగి నెత్తురు వచ్చాక చూసుకున్నాం. నేను దేవుళ్ళకి మొక్కుకున్నాను, దేవుళ్ళు అయిపోయాక దొరసానికి మొక్కుకున్నాను.

సాయంత్రం ఈలలు వినిపించాయి. ఒకటి, దానికి జవాబు, ఆ తరవాత గుంపు గుంపంతా. ఇద్దరూ దారి మలుపులో కనిపించారు. అబ్బులు మొహం తెల్లబడి ఉంది గానీ నవ్వుతున్నాడు. కంచె దగ్గర నన్ను చూడగానే వెనకున్న రేచులు మెడవెంట్రుకలు నిక్కబెట్టాయి. పిల్ల చప్పట్లు కొట్టింది, అవి వెనుదిరిగి వెళ్ళిపోయాయి. దొరసాని వెళ్ళేటప్పుడు నా వైపు చూడను కూడా లేదు.

నైరుతి వచ్చి నా పక్కన కూలబడింది. మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది.

"చుట్టు తిరగడం అయిపోయేక, దొరసాని నా చెయ్యి నోట్లో పట్టుకుని లాక్కెళ్ళింది. కరవలేదు. బండల సందులో చిన్న గుహ ఉంది. నేను పాక్కుంటూ వెళ్ళేను. లోపల దాని పిల్లలున్నాయి అమ్మమ్మా. ఇంకా కళ్ళు తెరవలేదు. ఒకదాన్ని నోటితో తెచ్చి నా ఒళ్ళో పెట్టింది."

రేచు తన పిల్లలున్న గుహని మనిషికి చూపించడం నేనెక్కడా వినలేదు. ఇరవై రెండేళ్ళు దాని తల్లినీ, దాన్నీ కాచుకున్నాను. నాకెప్పుడూ చూపించలేదు. అసూయ పుట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల మీద, నా పిల్ల మీద, కడుపు మండేంత అసూయ. మొహం అటు తిప్పుకున్నాను.

పిల్ల నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నాకు కాదు అమ్మమ్మా. అది నన్ను నువ్వనుకుంది కదా. నీకే చూపించింది."

చాలాసేపు ఏడ్చాను. ప్రశాంతి కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఆ తరవాత ఎన్ని పిల్లలున్నాయి, ఏ రంగు, నా ఒళ్ళో పెట్టింది ఆడదా మగదా అని ఒక్కొక్కటే అడిగాను. నైరుతి అన్నీ చెప్పింది. అవి ఇక్కడ రాయను.